వాళ్ళు పెట్టారు, మేం తిన్నాం

పోయిన నెలలో మండలి వాళ్ళు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. ఇప్పటి అధ్యక్షుడు నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, నేను కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు. మండలి చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట. అందులో మా నాన్న గురించి రెండు పేజీలు నన్నే రాయమన్నాడు. అచ్చుకు సిద్ధమైన కాగితాలు కొన్ని చూడమని నా చేతికిచ్చాడు. పేజీలు తిప్పుతుంటే వరద సంగతి కనిపించింది. "గోదావరి వరదల్లో దిక్కులేక చిక్కుకున్న గిరిజన సోదరులకు మన సభ్యులు అయిదు రోజులు అడవిలోనే ఉండి అన్నం పెట్టి ప్రాణాలు నిలిపారు" అని ఉంది. రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసేశాను. "ఇది తిరగబడింది బాబూ. అన్నం పెట్టింది వాళ్ళు. తిన్నది మనం" అన్నాను. అతను ఇబ్బందిగా నవ్వి, "అప్పటి మినిట్స్ పుస్తకంల గిట్లనే ఉంది మేడమ్. గంత పాత సంగతి ఇప్పుడెందుకు తియ్యుండ్రి" అన్నాడు. "రాస్తాను. మొత్తం వేస్తే వేయండి, ముక్కలు చేసి మాత్రం వేయొద్దు" అన్నాను. ముగ్గురూ టీ తాగి వెళ్ళిపోయారు. రెండు పేజీలు అనుకున్నది ఇంత అయింది. వాళ్ళు వేస్తారన్న ఆశ నాకు లేదు. అందుకే నా జ్ఞాపకాలు రాసుకునే పుస్తకంలో నేనే పెట్టుకుంటున్నాను.

మండలి అసలు పేరు చాలా పొడుగు. సోదరత్వం, సేవ, అభయం అన్నీ కలిసిన పేరు. మా ఇంట్లో మాత్రం ఉట్టి మండలి. ఖమ్మంలో పేరున్న వ్యాపారులు, వకీళ్ళు, డాక్టర్లు, భూములున్నవాళ్ళు కలిసి ముప్ఫై మంది దాకా ఉండేవారు. అందులో చేరేటప్పుడు మధ్యలో దీపం పెట్టి, ఎదుటివాడి భుజం మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేసేవారట. ఒకళ్ళనొకళ్ళు "సోదరా" అనే పిలుచుకోవాలి. మండలి హాల్లో మాట బయటికి రాకూడదు. ఆ ప్రమాణం ఏమిటో మా అమ్మకు చచ్చేదాకా తెలియదు. వాళ్ళ కండువా ఉతికింది మాత్రం ఆవిడే. తెల్ల కండువా, నీలం అంచు. ప్రతి రెండో శనివారం మీటింగు. ఆ పొద్దునే అమ్మ గంజి వార్చి పక్కన పెట్టేది. కండువాను నీలిమందు నీళ్ళలో ముంచి, గంజిలో తిప్పి, సగం ఆరగానే తెచ్చి బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద పెట్టేది. వేడికి గంజి మాడీ మాడని వాసన ఒకటి లేచేది. మా ఇంట్లో శనివారం అంటే నాకు ఆ వాసనే. నాన్నది ఎరువుల దుకాణం. ఎంత సబ్బు పెట్టి రుద్దినా చేతుల నుంచి యూరియా వాసన పోయేది కాదు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం మెడకు పౌడరు రాసుకుని, అద్దం ముందు ఆగి, కండువా మడత చెదరకుండా వేసుకుని, సైకిల్ తొక్కితే నలిగిపోతుందని హాలు దాకా నడిచే వెళ్ళేవాడు.

ఆ గుడ్డముక్క మీద ఆయనకు అంత మోజు ఎందుకో నాకు తర్వాత తర్వాత అర్థమైంది. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి వైరా దగ్గర భూమి కొన్నాడు. నాన్న ఇక్కడే పుట్టినా, ఇక్కడి బడిలోనే చదివినా, బజారులో మమ్మల్ని "ఆంధ్రోళ్ళు" అనే అనేవారు. ఊళ్ళో పెద్దమనుషులు ఆయన్ని పేరు పెట్టి కాకుండా "సోదరా" అని పిలిచింది ఆ హాల్లోనే. ఆ పిలుపు కోసం ఆయన ఏదైనా చేసేవాడు. మండలి మంచి పనులు చేయలేదని కూడా నేను అనను. గుడిసెలు తగలబడితే తెల్లారేసరికి వెదురు, తాటాకు తోలించేవారు. అంటురోగాలు వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి మందులిచ్చారు. నాన్న ప్రతిదానికీ ముందుండేవాడు.

ఆ ఏడు శ్రావణంలో వాన తొమ్మిది రోజులు ఆగకుండా కురిసింది. గోదావరి పొంగింది. భద్రాచలం వీధుల్లో పడవలు తిరుగుతున్నాయని రేడియోలో చెప్పారు. అప్పుడు మండలి అధ్యక్షుడు రామబ్రహ్మం గారు. పత్తి వ్యాపారం, పెద్ద గొంతు, ఏదనుకుంటే అది అయ్యేదాకా ఊరుకోని మనిషి. "భద్రాచలానికి అందరూ పోతరు. పినపాక అవతల అడివి ఊర్లకు ఎవరు పోతరు? మనం పోదాం" అన్నాడట. అది మంచి ఆలోచన, ఆయనదే. ఆ పేరు ఆయనకు దక్కాల్సిందే. మండలిలో ఉన్న డాక్టరుకు జ్వరం తగిలింది. సూదిమందు ఇచ్చేవాళ్ళు కావాలి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నర్సు ట్రైనింగు పూర్తిచేసి పోస్టింగు కోసం ఇంట్లో ఎదురుచూస్తున్నాను. మండలి పనికి ఆడపిల్లను తీసుకెళ్ళడమా అని హాల్లో రెండు గంటలు వాదులాడుకున్నారట. చివరికి నాన్న, "ఆడది వేస్తే సూది గుచ్చుకోదా?" అన్నాక ఒప్పుకున్నారు.

లారీలో బియ్యం బస్తాలు, దుప్పట్లు, పాతబట్టల మూటలు, నా మందుల పెట్టె. రామబ్రహ్మం గారు, నాన్న, మండలి సభ్యులు మరో ముగ్గురు, డ్రైవరు యాకూబ్, నేను. మొత్తం ఏడుగురం. పినపాక దాటి అడవి దారి పట్టాక మధ్యాహ్నానికి ఒక వాగు దాటాం. అవతల రెండో వాగు చెట్లకొమ్మల్ని ఈడ్చుకుపోతోంది. అది దాటలేమని వెనక్కి తిరిగితే, మేం దాటి వచ్చిన మొదటి వాగు ఈలోపే కల్వర్టు మీదికి ఎక్కేసింది. యాకూబ్ బండి ఆపి, "సార్, నీళ్ళు జోరు మీదున్నయ్. బండి పోదు" అన్నాడు. "ఏం గాదు, జల్దీ పోనియ్" అన్నాడు రామబ్రహ్మం గారు. రెండుసార్లు కాదన్నాక యాకూబ్ పోనిచ్చాడు. కల్వర్టు సగంలో వెనక చక్రం జారింది. లారీ నెమ్మదిగా, బర్రె పడుకున్నట్టు, పక్కకు ఒరిగింది. మేం రెండు వాగుల మధ్యనున్న గట్టువైపే దూకేశాం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ బియ్యం పోయింది, దుప్పట్లు పోయాయి, నా మందుల పెట్టె కళ్ళముందే కొట్టుకుపోయింది. మిగిలింది పొదకు తగులుకున్న ఒక పాతబట్టల మూట. అందులో ఎవరిదో పెళ్ళి సూటు, నాలుగు టైలు ఉన్నాయి.

గట్టు మీద కాస్త దూరంలో పొగ కనిపిస్తే అటు నడిచాం. పాతిక ఇళ్ళు కూడా లేని కోయగూడెం. ముందు కుక్కలు వచ్చాయి, తర్వాత పిల్లలు, తర్వాత ముత్తమ్మ. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, పొడుగ్గా, చేతుల నిండా పచ్చబొట్లతో ఉంది. రామబ్రహ్మం గారు నిలువునా తడిసి ఉన్నా కండువా సర్దుకుని, అలవాటుగా మొదలుపెట్టాడు. "మేము ఖమ్మం నుంచి మా మండలి తరఫున మీకు సాయం చేయనీకి..." ముత్తమ్మ ఆయన్ని చూసింది. ఆయన వెనక ఏమైనా ఉందేమోనని చూసింది. ఏమీ లేదు. ఆమె నవ్వలేదు. నవ్వినా తప్పు లేదు. "ముందుగాల లోపలికి రాండ్రి. మంట కాడ కూసోండ్రి. ఆడపిల్ల వణుకుతాంది" అంది.

అయిదు రోజులు ఆ గూడెం మమ్మల్ని సాకింది. అదసలు కరువు నెల. పాత జొన్నలు గుమ్మిల్లో అడుగంటాయి, కొత్త పంట ఇంకా పాలు కూడా పట్టలేదు. వరద మూలంగా సంత లేదు. అయినా పొద్దున ఒక ఇంటి నుంచి, మాపు ఒక ఇంటి నుంచి కుండ వచ్చేది. ఆకు దొప్పల్లో జొన్న జావ, పక్కన ఉడకబెట్టిన వెదురు కొమ్ములో, పుట్టకొక్కులో. ఎండబెట్టి దాచుకున్న ఇప్పపువ్వు ఒకరోజు ఉడికించి పెట్టారు. తియ్యగా, పొగవాసనతో ఉండేది. మొదటిరోజు నాన్న దొప్ప పట్టుకుని చాలాసేపు తినకుండా కూర్చున్నాడు. రెండోరోజు పొద్దునే లేచి ముత్తమ్మ భర్త లచ్చయ్యతో కట్టెలకు వెళ్ళాడు. యాకూబ్ కారుతున్న కప్పులెక్కి ఆకు సర్దాడు. మిగతా ముగ్గురు సభ్యులూ ఆకాశం వైపు చూస్తూ గడిపారు.

రెండోరోజే నేనొకటి గమనించాను. మాకు పోశాక కుండలో నీళ్ళు కలిపి, అప్పుడు పిల్లలకు పోస్తున్నారు. ముత్తమ్మకు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళ దొప్పల్లో జావ తెల్లని నీళ్ళలా ఉంది. నా దొప్ప పక్కన పెట్టాను. వెళ్ళి, "అక్కా, మాకు తక్కువ పోయండి. ముందు పిల్లలకు పెట్టండి" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "మా పిల్లలకు అడివి ఎరికె. ఏదో ఒకటి ఏరుకొస్తరు. మీకేం ఎరికె? మా ఇంటికొచ్చి పస్తుంటరా? గట్లెట్ల?" అంది. నర్సునని నాకు కాస్త గర్వం ఉండేది. ఆ మాటతో అది పోయింది. అంతవరకూ నేను వాళ్ళను కాపాడటానికి వచ్చాననే అనుకుంటున్నాను.

మూడోరోజు రామబ్రహ్మం గారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మాటిమాటికీ అడగడం నామోషీ అనుకుని, కాచిన నీళ్ళు అడక్కుండా వాగు నీళ్ళే తాగాడు. మధ్యాహ్నానికి కళ్ళు లోతుకుపోయాయి. చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలిచింది. సెలైను లేదు, మాత్ర లేదు. ట్రైనింగులో మా సిస్టర్ చెప్పింది గుర్తొచ్చింది. పలచటి జావలో ఉప్పు కలిపి చెంచాతో ఆపకుండా పడుతూ ఉండాలి. ఉప్పు కావాలన్నాను. ముత్తమ్మ చూరులోంచి వెదురు బొంగు తీసింది. అడుగున చారెడు ఉందేమో. సంత లేని రోజులు. చుట్టుపక్కల ఇళ్ళలో అప్పటికే ఉప్పు అయిపోయింది. "మరి రేపు మీకో?" అన్నాను. "రేపటి సంగతి రేపు. మనిషి ఎళ్ళిపోతాండు, నువ్వు గది జూడు" అంది. ఆ పూటా, ఆ రాత్రంతా ఆమె ఒకపక్క, నేను ఒకపక్క కూర్చుని ఆకుతో చేసిన చెంచాతో గుక్కగుక్కగా పట్టాం. వాంతి చేసుకుంటే కాసేపు ఆగి మళ్ళీ పట్టాం. ఖమ్మం బజారు మొత్తం వినిపించే ఆ గొంతు, "అమ్మా, ఇంకొంచెం" అని ముత్తమ్మను అడిగింది. ఆ తర్వాత ఆ గూడెం ఎన్నాళ్ళు ఉప్పు లేకుండా తిన్నదో ఏ మినిట్స్ పుస్తకంలోనూ లేదు.

అయిదోరోజు పొద్దున వాన తెరిపిచ్చింది. వాగు రొమ్ముల లోతుకు తగ్గింది. ఆయనకు ప్రాణం ఉంది గానీ ఒంటేలు రావడం లేదు. దవాఖానాకు చేర్చకపోతే దక్కడని చెప్పాను. లచ్చయ్య ఒక్క మాట కూడా అడగలేదు. రెండు వాసాలు తెచ్చి, దుప్పటి కట్టి డోలీ చేశాడు. ఎనిమిదిమంది భుజాలు మార్చుకుంటూ మోశారు. వాగులో దిగినప్పుడు లచ్చయ్య నీళ్ళు కొట్టేవైపు నిలబడ్డాడు. మధ్యలో ఒక దుంగ కొట్టుకొచ్చి అతని కాలిని బండకేసి నొక్కింది. అరుపు నేను విన్నాను. కానీ వాసం అతని భుజం మీంచి కిందికి దిగలేదు. గట్టెక్కి డోలీ కిందపెట్టాకే అతను పడిపోయాడు. మోకాలి కింద ఎముక చర్మంలోంచి పొడుచుకొచ్చింది. రోడ్డు మీద దొరికిన లారీలో ఇద్దర్నీ దవాఖానాకు తీసుకెళ్ళాం.

రామబ్రహ్మం గారు మూడు రోజుల్లో కోలుకున్నాడు. ఖమ్మం నుంచి కారులో సోదరులు పండ్ల బుట్టలతో వచ్చారు. లచ్చయ్య పక్క వార్డులోనే ఉన్నాడు, కాలికి పిండికట్టుతో. అతని మంచం పక్కనుంచే అందరూ నడిచి వెళ్ళారు. రామబ్రహ్మం గారు వెళ్ళేటప్పుడు ఆగి, రెండు కమలాపండ్లు లచ్చయ్య చేతిలో పెట్టి భుజం తట్టాడు. ఆయన ఏదో అనాలనుకున్నాడని నాకిప్పటికీ అనిపిస్తుంది. కారు బయల్దేరింది.

పదిహేను రోజులకు నివేదిక వచ్చింది. అడవికి వెళ్ళిన సభ్యులందరూ సంతకం చేయాలి. ముగ్గురు అప్పటికే చేసేశారు. బియ్యం పంచామని, దుప్పట్లు కప్పామని, అయిదు రోజులు అన్నదానం చేశామని, అధ్యక్షుడు సేవలోనే అస్వస్థులయ్యారని అందులో ఉంది. నాన్న వరండాలో కూర్చుని చదివి, అమ్మను మంచినీళ్ళు అడిగి తాగి, కాగితం మడిచి పెట్టేశాడు. మర్నాడు సంతకం కోసం రామబ్రహ్మం గారే ఇంటికి వచ్చాడు.

"సోదరా, ఒక్క సంతకానికి ఇంత ఆలోచనేంది?"

"లచ్చయ్య పేరు లేదు. ముత్తమ్మ పేరు లేదు. మనం తిన్నామని లేదు" అన్నాడు నాన్న.

"తిన్నమని రాస్తే మండలి పరువు ఏం గావాలె? సాయం చేయనీకి పోయి అడుక్కతిన్నరు అంటరు."

"మనం అడుక్కోలేదండీ. వాళ్ళు పిలిచి పెట్టారు. రాస్తే పోయే పరువైతే తిన్నరోజే పోయింది."

రామబ్రహ్మం గారు "శనివారం హాల్ల మాట్లాడుదాం" అని లేచాడు.

ఆ శనివారం కూడా అమ్మ కండువాకు గంజి పెట్టింది. "సంతకం చేయనందుకు మండలి నుంచి తీసేస్తారని తెలిసీ ఎందుకమ్మా?" అంటే, "నలిగిన కండువాతో వెళ్తే తప్పు చేసినవాడిలా ఉంటాడు" అంది. నేను నాన్న వెంట నడిచాను. తలుపు దగ్గర ఉన్న సభ్యుడు చెయ్యి అడ్డంపెట్టి, "ఆడవాళ్ళు లోపలికి రావొద్దమ్మా, రూల్" అన్నాడు. "అడివికి రావచ్చు గానీ హాల్లోకి రాకూడదా?" అన్నాను. ఆయన చెయ్యి తీయలేదు. నేనే ఆ చెయ్యి పక్కకు నెట్టి లోపలికి వెళ్ళాను. ముప్ఫై మంది తెల్ల కండువాలు నావైపు తిరిగారు. ఎవరు ఏం పెట్టారో, ఎవరి పిల్లలు నీళ్ళు తాగారో, ఉప్పు ఎవరిదో, కాలు ఎవరిదో చెప్పాను. "రామబ్రహ్మం గారూ, మీరు ఎవరిని అమ్మా అని పిలిచారో మీకు గుర్తుందా?" అని అడిగాను. ఎవరో "ఇంక చాలు" అన్నారు. చేతులెత్తి ఓటు వేశారు. నాన్నను తీసేశారు. ఆయన కండువా తీసి, అమ్మ పెట్టిన మడతల మీదే మళ్ళీ మడిచి, బల్ల మీద పెట్టాడు. "దండాలండీ" అన్నాడు. సోదరా అనలేదు.

ఆ తర్వాతి రోజులు సుఖంగా గడిచాయని అబద్ధం చెప్పను. దుకాణానికి కొందరు రావడం మానేశారు. మండలి సభ్యుడి ఇంటి నుంచి నాకు వస్తున్న సంబంధం ఆగిపోయింది. రెండో శనివారం వచ్చిందంటే నాన్నకు ఏం తోచేది కాదు. సైకిల్ విప్పి నూనె పెట్టి మళ్ళీ బిగించేవాడు. నాకు పోస్టింగు ఎక్కడ కావాలని అడిగితే పినపాక వైపే అడిగాను. పిచ్చిదన్నారు. అక్కడ ఇరవై రెండేళ్ళు పనిచేశాను. మొదటి వాగు మీద ఇప్పుడు మంచి వంతెన ఉంది. రెండో వాగుకు ఇంకా లేదు. మొన్నటి వానల్లో కూడా ఒక బాలింతను డోలీలోనే మోశారు. వరద వచ్చినప్పుడల్లా సాయం వస్తుంది. ఇప్పుడు ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య సెల్‌ఫోన్ కూడా ఉంటుంది. ఇచ్చినవాళ్ళ పేర్లు బ్యానరు మీద పడతాయి. పుచ్చుకున్నవాళ్ళకు పేర్లుండవు. మండలిలో ఇప్పుడు ఆడవాళ్ళు కూడా ఉన్నారు, రక్తదానాలు చేయిస్తున్నారు, సంతోషం. నన్నూ చేరమన్నారు. చేరను. ఆ ఒక్క వాక్యం దిద్దనంతకాలం ఆ గడప తొక్కను. నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. మొండితనం అంటే అననివ్వండి.

నాన్నను తీసేసిన వారానికి, వరద తీసిన పొలాల్లో మళ్ళీ దున్నే అదను వచ్చింది. లచ్చయ్య కాలు ఇంకా పిండికట్టులోనే ఉంది. నాన్న వైరా పొలం నుంచి ఒక జత ఎద్దుల్ని, అరకను యాకూబ్ తెచ్చిన లారీలో ఎక్కించి, నన్ను వెంటబెట్టుకుని గూడేనికి వెళ్ళాడు. అరక పట్టి పదిహేనేళ్ళయింది ఆయనకు. మొదటి పూటకే అరచేతులు బొబ్బలెక్కాయి. ముత్తమ్మ ఆ చేతులు చూసి, "దుకాణపు చేతులు. చాలియ్యి సారూ, మా వాళ్ళు దున్నుతరు" అంది. నాన్న వినిపించుకోలేదు. లచ్చయ్యను మంచం మీదే మోసుకొచ్చి గట్టున పెట్టారు. అతను కాసేపు అరకనే చూసి అన్నాడు:

"సారూ, మా కోసం కొట్లాడి మీ అన్నదమ్ములను పోగొట్టుకుంటిరంట. యాకూబ్ జెప్పిండు."

నాన్న ఎద్దుల్ని ఆపాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మీ కోసమేం కాదు లచ్చయ్యా. నేను తిన్నాను. తిన్నానని చెప్పాను. అది కూడా చెప్పలేకపోతే ఇంక నేనేం మనిషిని?" అన్నాడు.

ఆ మాట అంటూనే మళ్ళీ మేడి పట్టుకుని, "ఈ చెలక ఇవాళే అయిపోవాలి" అని ఎద్దుల్ని అదిలించాడు.